చేతులు చంకలో పెట్టుకోమనే మామ్మ

ఆవిడ పెట్టెను గోతిలోకి దింపుతున్నప్పుడు నా పక్కన ఒక పొరుగూరి పెద్దమనిషి నిలబడ్డాడు. పాస్టరుగారి బంధువట. కాసేపు అటూ ఇటూ చూసి, నా చెవి దగ్గరికి వంగి, ఇక్కడివాళ్ళంతా ఎందుకిలా చేతులు చంకల్లో దోపుకుని నిలబడ్డారని అడిగాడు. అప్పుడు నేనూ చూశాను. నిజమే. బెల్లం మార్కెట్టులో దిమ్మలు మోసే ఆడవాళ్ళు, వాళ్ళ మొగుళ్ళు, బట్టల కొట్టు గుమాస్తా, ఆటో నడిపే మనిషి, చాలామంది అలాగే ఉన్నారు. మిట్టమధ్యాహ్నం, ఎండ మాడ్చేస్తోంది. చలి అనుకోవడానికి వీల్లేదు. నా చేతులు కూడా అక్కడే ఉన్నాయి. మొదలుపెడితే ప్రార్థన అయ్యేలోగా తేలే సంగతి కాదు కనుక, అలవాటండీ అని ఊరుకున్నాను. ఇంటికి వచ్చాక ఆయనకి జవాబు బాకీ పడ్డట్టు అనిపించింది.

పాస్టరుగారు ఆవిడ పేరు చదివినప్పుడు ఎవరిదో పేరు చదివినట్టే ఉంది. ఆ పేరు ఇక్కడ రాయను. మా అందరికీ ఆవిడ మామ్మ. అనకాపల్లిలో మా సందుకి అవతలి సందులో, పెంకుటింటి అరుగు మీద పిల్లల్ని చూసేది. అడుగులు వేయడం వచ్చిన దగ్గర్నుంచి మాటలు వచ్చేదాకా మాత్రమే. మాటలు బాగా వచ్చేసిన పిల్లల్ని ఉంచుకునేది కాదు. "ఈడికి నోరొచ్చేసింది. ఇంక అడిగి పని సేయించుకుంటాడు. నాకాడ వద్దు, బడికి తోలీ" అనేది. తల్లులు బతిమాలినా వినేది కాదు. ఆవిడకి చెవుడు లేదు గాని, ఎవరైనా వాదనకి దిగితే ఆ కాసేపూ వినపడేది కాదు.

పెద్దవాళ్ళని నువ్వు, ఒరే, ఒసే అనేది. ఇంకా నడక కుదరని పిల్లల్ని మాత్రం మీరు అనేది. ముక్కు కారుతున్న వాణ్ణి పట్టుకుని, నాయుడుగారూ, తవరు ఏటి సేత్తన్నారు అని అడిగేది. వాడు ఒక డబ్బా మూత మీద కూర్చుని, అదే మూతని పైకి లాగుతూ ఉండేవాడు. ఆవిడ వాణ్ణి లేవమనేది కాదు. మూత రాకపోవడానికి కారణం తనే అని వాడికి ఎప్పటికి తెలుస్తుందా అని, గోడకి జేరబడి, చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చునేది. కళ్ళజోడుకి ఒక పక్క దారం కట్టి ఉండేది. పెదాలు ఎప్పుడూ కదులుతూ ఉండేవి. కళ్ళు తెరుచుకునే ప్రార్థన చేసుకుంటుందని తర్వాత తెలిసింది. కళ్ళు మూసుకుంటే పిల్లలు కనబడరు కదా.

అరుగు మీద బొమ్మలంటూ ఏమీ ఉండేవి కావు. పాల డబ్బాలు, ఒకదానికొకటి సరిపోని మూతలు, కొబ్బరి చిప్పలు, తాళంచెవి తాడుతో కట్టేసి ఉన్న పాత తాళంకప్ప, ఒక రేకు డబ్బా. ఆ డబ్బా కొక్కెంలో పుల్ల గుచ్చి ఉండేది. ముందు పుల్ల లాగితేనే మూత లేస్తుంది. పిల్లలు దాన్ని నేలకేసి కొట్టేవారు, కొరికేవారు, దాని మీద ఏడిచేవారు. ఇవన్నీ అయ్యాక ఎప్పుడో ఒకనాడు ఒకడి వేలు పుల్ల మీద పడేది.

అరుగు ఎక్కిన పెద్దవాళ్ళకి ఒకటే చట్టం. "సేతులు సంకలో ఎట్టుకో."

నేను ఆ అరుగు ఎక్కడానికి కారణం మా పాప. నేను బెల్లం మార్కెట్టులో ఒక కమీషన్ కొట్లో లెక్కలు చూస్తాను. బడిలో నేర్చుకున్న లెక్కలు కావు. కాటా పక్కన నిలబడి, పెద్దవాళ్ళ పెదాలు కదులుతుంటే చూసి పట్టుకున్నవి. కాగితం లేకుండా తూకం, తరుగు తేల్చి చెప్పగలను. ఈ విద్య అన్నం పెడుతుంది గాని మనిషిని నిమ్మళంగా ఉండనివ్వదు. ఏ వస్తువు చూసినా, ఇది పడితే ఎటు పడుతుంది, ఎంత ఎత్తు, ఎంత వేడి అని లోపల లెక్క నడుస్తూనే ఉంటుంది.

మాకు ముందు పుట్టిన ఇద్దరూ పురిట్లోనే పోయారు. మూడోది పుట్టగానే మా అమ్మ దాన్ని చేటలో పెట్టి ఎదురింటావిడకి ఇచ్చేసి, చేటెడు తవుడు పోసి మళ్ళీ కొనుక్కుంది. తవుడుకి వచ్చిన పిల్ల మీద చావుకి కూడా ఆశ పుట్టదని మా వైపు నమ్మకం. అందుకని తవిటమ్మ. పేరైతే తవుడు పేరు పెట్టాం గాని, పెంచడం ఎవరూ తవుడులా పెంచలేదు. మా అమ్మ చంక నుంచి మా ఆవిడ చంకకి, అక్కడి నుంచి నా భుజం మీదకి తప్ప దాని కాలు నేలకి ఆననివ్వలేదు. ఇల్లంతా నాకు కొలతలుగానే కనబడేది. గడప ఎత్తు, నూతి గట్టు ఎత్తు, పాప ఎత్తు. ఈ మూడూ ఎప్పుడు ఎలా కలుస్తాయో అని గుండెలు చేత్తో పట్టుకుని తిరిగేవాణ్ణి.

మా అమ్మ పోయాక తెలిసింది అసలు సంగతి. పాపకి రెండేళ్ళు దగ్గర పడుతున్నా చేతిలోంచి జారిపోయిన వస్తువుని వంగి తీసుకోదు. వస్తువు వైపు చూస్తుంది, మా వైపు చూస్తుంది, "ఊ" అంటుంది. అంతే. ఎవరో ఒకరు తీసి ఇవ్వాలి. పక్క వీధిలో కూలికి పోయే వాళ్ళ పిల్లలు ఇదే ఈడులో కుండ మీద మూత తీసి లోపల చెయ్యి పెట్టేస్తున్నారు. మా ఆవిడ బట్టలు కుట్టే మిషను ఆపేసి ఒక మధ్యాహ్నం మెల్లగా అంది. "మన గుంటకి బుర్రలో ఏటైనా నేదేమో అని బయంగా ఉందండీ." ఆ మాట నేను ఎన్నాళ్ళ నుంచో మింగుతున్నాను. 

మర్నాడు మామ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడ పాపని చూడలేదు, నన్ను చూసింది. ఏం చేస్తావు అని అడిగింది. లెక్కలు చూస్తానన్నాను. మొహంలోనే ఉంది అంది.

"తవిటమ్మగారూ, రండి, కూకోండి" అని పాపని నేల మీద కూర్చోబెట్టింది. ముందు ఒక వెలిసిపోయిన తువాలు పరిచింది. ఒక కొస పాప కాళ్ళ దగ్గర. అవతలి కొస మీద చిటికెడు బెల్లం ముక్క. మధ్యలో పీట నిలువుగా అడ్డం పెట్టింది. తువాలు ఆ పీట కింద నుంచి పోతోంది. పాప బెల్లం వైపు చూసింది. నా వైపు చూసి "ఊ" అంది. నా చెయ్యి దానంతట అది ముందుకి పోయింది.

"సేతులు సంకలో ఎట్టుకో."

పెట్టుకున్నాను. పాప మళ్ళీ "ఊ" అంది. ఈసారి కొంచెం గట్టిగా. తర్వాత ఏడుపు అందుకుంది. నేను పెంచిన పిల్ల నా ఎదురుగా కూర్చుని నన్నే పిలుస్తూ ఏడుస్తుంటే, కట్టేసిన మనిషిలా కూర్చున్నాను. ఆ బెల్లం ముక్క గొంతుకి అడ్డం పడే లావుందా, పీట కాలి మీద పడుతుందా అని ఒకటే లెక్క. చివరికి ఏడుస్తోంది మామ్మా అన్నాను.

"ఏడుత్తాది. ఏడుపూ ఒక పనే గదా బాబూ, అది పని సేత్తాదా అని సూత్తంది. సెయ్యనేదనుకో, ఇంకోటి ఎతుక్కుంటాది" అంది ఆవిడ.

ఆ రోజు పాప వేరేదేదీ వెతుక్కోలేదు. ఏడిచి ఏడిచి తువాలు మీదే నిద్రపోయింది. నేను మార్కెట్టుకి వెళ్ళి, జీవితంలో మొదటిసారి ఒక తూకం రెండుసార్లు తప్పు చెప్పాను. మధ్యాహ్నం భోజనానికి వెళ్తూ ఆ సందులోంచే వెళ్ళేవాణ్ణి. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. పీట, తువాలు, బెల్లం, ఏడుపు. తర్వాత ఒకనాడు వెళ్ళేసరికి తువాలు మీద బెల్లం లేదు. పాప బుగ్గలు జిగురుగా ఉన్నాయి. లాగిందా అని అడిగాను. నేను చూడలేదు, చీమలు తినేశాయేమో అంది మామ్మ, గోడ వైపు మొహం తిప్పుకుని. చూసిందని ఆ తిప్పుకోవడంలోనే తెలిసిపోయింది.

ఏ పిల్ల ఏది సాధించినా ఆవిడ చప్పట్లు కొట్టడం నేను చూడలేదు. మెచ్చుకోవడమూ లేదు. సరిగ్గా ఆ క్షణానికి ఏదో పని ఉన్నట్టు అటు తిరిగిపోయేది. ఎందుకని ఒకసారి అడిగితే చెప్పింది. "మనం సూసేమని తెలిసిపోతే రేపట్నించీ మన మొకం కోసం సేత్తాది. బెల్లం కోసం సెయ్యాల."

పిల్ల పడితే కూడా వెంటనే ఎత్తుకునేది కాదు. రక్తం లేదని చూసుకుని, దగ్గరికి వెళ్ళి, దేని మీంచి పడ్డారో చూసుకున్నారా అని అడిగేది. పిల్ల ఏడుస్తూనే మెట్టు వైపో పీట వైపో తల తిప్పేది. "సూసేరు గదా. ఇప్పుడు ఏడండి" అని అప్పుడు ఒళ్ళోకి తీసుకునేది.

ఒకసారి రక్తం వచ్చింది. అరుగు అంచు నుంచి వెనక్కి దిగడం నేర్చుకుంటున్న ఒక పిల్లాడు జారి గడ్డం పగలగొట్టుకున్నాడు. వాళ్ళ అమ్మ మార్కెట్టు నుంచి పరిగెత్తుకుంటూ వచ్చి సందు మధ్యలో నిలబడి అడిగిన మాట అందరికీ వినబడింది. "పిల్లల్ని సూడ్డానికున్నావా, పడతంటే సూడ్డానికున్నావా?" మామ్మకి ఆ రోజు చెవుడు రాలేదు. అన్నీ విని, తల వంచుకుని, గుడ్డ తడిపి వాడి గడ్డానికి అద్దుతూ కూర్చుంది. మర్నాడు చూస్తే అరుగు కింద ఇసక పోసి ఉంది. అరుగుకి అడ్డు మాత్రం పెట్టలేదు.

అది చూసి నేను పాపని మాన్పించాను. ఇసక ఎంత మందాన పోశారో, అరుగు ఎంత ఎత్తో నా లెక్కకి కుదరలేదు. ఇంట్లో ఉంచాం. అయితే ఇంటికి తిరిగి వచ్చింది ముందు వెళ్ళిన పిల్ల కాదు. మా ఆవిడ బియ్యం డబ్బా పక్కన ఎత్తు మీద మరమరాలు దాచింది. పాప చేట ఈడ్చుకొచ్చి దాని మీద ఎక్కింది. అందలేదు. దిగింది. చేట తీసేసి పీట తెచ్చుకుంది. అందింది. మా ఆవిడ గుమ్మంలో నిలబడి నోరు మూసుకుని ఏడుస్తోంది, సంతోషంతో. నేను మాత్రం పీట ఎత్తు చూస్తున్నాను. అప్పటిదాకా నా లెక్కలన్నీ పాప ఎత్తుకి కట్టినవి. ఇంక పాప ఎత్తుకి పీట ఎత్తు కలపాలి. పీట మీద డబ్బా పెట్టడం వస్తే అదీ కలపాలి. పిల్లకి చేతకాదేమో అని భయపడినవాణ్ణి, చేతనవుతోందని భయపడడం మొదలుపెట్టాను. అగ్గిపెట్టె అటక మీదకి పోయింది. కత్తిపీట చూరులోకి పోయింది. మా ఆవిడ వంట చేసుకోవాలంటే నిచ్చెన కావాల్సి వచ్చింది. ఆవిడే విసిగిపోయి పాపని మళ్ళీ మామ్మ దగ్గర దింపి వచ్చింది.

ఇన్ని కొలిచిన నాకు తట్టనిది ఒకటి ఉండిపోయింది. మా వంటింటికి కిటికీ ఒకటే, పక్క సందులోకి, ఊచలతో. తలుపు రెండు రెక్కలది, లోపలికి తెరుచుకుంటుంది. వంటింట్లోనే ఒక మూల నీళ్ళు పోసుకునే చోటు ఉంది కనుక లోపల వైపు ఇనుప గడియ ఉంది. మా అమ్మ నడుము వంగిపోయాక ఆవిడకి అందాలని ఆ గడియని కిందకి దింపించాం. ఆవిడ వెళ్ళిపోయింది, గడియ అక్కడే ఉంది. దానికి ఒక ముక్కు ఉంటుంది. తోస్తే గడియ జారి, ముక్కు కిందకి వాలి గాడిలో కూర్చుంటుంది. తీయాలంటే ముందు ముక్కు పైకి ఎత్తాలి, అలా ఎత్తి పట్టుకునే పక్కకి లాగాలి. వేయడం ఒక పని. తీయడం రెండు పనులు.

ఆ ఆదివారం గ్యాసు అయిపోయింది. మా ఆవిడ కిరసనాయిలు స్టవ్వు కిటికీ కింద నేల మీద పెట్టి, పప్పు ఉడకేసి, బట్టలు ఆరేయడానికి పెరట్లోకి వెళ్ళింది. నేను వీధి గదిలో ఉన్నాను. గడియ పడిన చప్పుడు వినబడింది. ఎక్కడి చప్పుడో నాకు తెలిసేలోగా మా ఆవిడ కేక వినబడింది.

తలుపు రెక్కల మధ్య సన్నటి చీలిక ఉంది. అందులోంచి పాప గౌను రంగు కనబడుతోంది. తలుపుకి ఆనుకుని నిలబడి ఉంది. మొదట ఆట అనుకుంది. మా ఇద్దరి గొంతులూ విని బెదిరి ఏడుపు అందుకుంది. గడియ తియ్యమ్మా, పైకెత్తి లాగమ్మా అని నేను అంటున్నకొద్దీ ఏడుపు హెచ్చింది. పక్కింట్లోంచి మా ఆవిడ అన్నయ్య, మా బావ, గునపం పట్టుకుని వచ్చాడు.

"తప్పుకో బావా. ఒక్క పోటు" అన్నాడు.

వద్దన్నాను. తలుపు లోపలికి పడుతుంది. తలుపు వెనక పాప. పాప వెనక స్టవ్వు. కిటికీలోంచి నీళ్ళు కొడదామన్నాడు. నీళ్ళు పడితే కిరసనాయిలు మంట ఎటు ఎగురుతుందో, కాగుతున్న పప్పు ఎటు చిందుతుందో ఎవరు చెప్పగలరు. చీలికలోంచి కత్తి దూర్చి చూశాను. ముక్కు గాడిలో పడి ఉంది, కత్తి మొన దాన్ని ఎత్తలేకపోయింది. పొద్దున్నే స్టవ్వు నిండా నేనే కిరసనాయిలు పోశాను. అది తనంతట తాను ఆరిపోయే వేళ కాదు. పప్పులో నీళ్ళు మాత్రం అయిపోతాయి. నాకు తెలిసిన లెక్కలన్నీ ఒక్క చోటికే వచ్చి ఆగుతున్నాయి.

మా ఆవిడ వాళ్ళ అన్నయ్య చేతిలోంచి గునపం లాక్కుంది. "అన్నియ్యా, ఇది ఒగ్గీసి ముందు మామ్మని తే."

"ముసిల్దొచ్చి ఏటి సేత్తాది, పాట పాడతాదా?" అంటూనే సైకిలెక్కాడు.

అప్పుడే చర్చి నుంచి వచ్చిందేమో, తెల్ల చీరలో, సైకిలు వెనక కూర్చుని, ఒక చేత్తో బైబిలు సంచి, ఒక చేత్తో బావ చొక్కా పట్టుకుని వచ్చింది. ఏం జరిగిందని అడగలేదు. తలుపు ముందు నేల మీద కూర్చుని చీలికకి కన్ను ఆనించింది. తర్వాత వెనక్కి తిరిగి, గొంతు తగ్గించి, ఒక్కొక్కరికీ పని చెప్పింది. బావని పెరట్లోకి పొమ్మంది. మా ఆవిడని కిటికీ వైపు సందులోకి వెళ్ళి, తొట్టి బోర్లించి ఎక్కి, ఊచల పక్క నుంచి ఒంటి కంటితో చూసి చెప్పమంది.

"నీ మొకం దానికి కనబడకూడదు. కనబడితే నీకాడికే వత్తాది. నీ కిందే పొయ్యి ఉంది."

మా ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని వెళ్ళింది. నాకు ఆవిడ ఏ పనీ చెప్పలేదు. నేను అప్పటికే చేతులు చంకల్లో పెట్టుకుని గోడకి నిలబడ్డాను.

"తవిటమ్మగారూ" అని పిలిచింది మామ్మ, అరుగు మీద పిలిచినట్టే. లోపల ఏడుపు కాస్త ఆగింది. "డబ్బా పుల్ల తియ్యండి. ముందు పుల్ల."

నాకు ప్రాణం లేచి వచ్చింది. ఆ రేకు డబ్బా పాప ఎన్నోసార్లు తీసింది.  తర్వాత చీలికలోంచి గౌను రంగు మాయమైంది. సందులోంచి మా ఆవిడ గొంతు, నలిగిపోయినట్టు వచ్చింది.

"ఎనక్కి తిరిగింది మామ్మా. డబ్బా ఎతుకుతోంది. పొయ్యికాడికి ఎల్తంది."

 "తప్పు మాటన్నాను" అంది మామ్మ, నాతో కాదు. చుట్టూ చూసింది. గుమ్మం పక్కన ఉన్న చీపురులోంచి ఒక పుల్ల లాగి, చీలికలో దూర్చి, తలుపు చెక్క మీద బరబరా గీకింది. పిలవలేదు. గీకుతూనే ఉంది, ఎలుక గీకినట్టు. నా చెవుల్లో ఆ గీకుడు, లోపల పప్పు ఉడుకుతున్న చప్పుడు, ఇంకేమీ లేవు.

"ఆగింది" అంది మా ఆవిడ. తర్వాత, "ఇటు సూత్తంది." తర్వాత, "తలుపుకాడికి వత్తంది."

గౌను రంగు మళ్ళీ కనబడింది. పుల్ల కొస లోపల ఎవరో పట్టుకుని లాగారు. మామ్మ కాసేపు ఇచ్చింది, కాసేపు వెనక్కి లాక్కుంది. లోపల నుంచి చిన్న నవ్వు. ఆ నవ్వు వింటే నాకు ఏడుపు వచ్చింది. మాడు వాసన అప్పటికే మొదలైంది. మామ్మ పుల్లని కొంచెం కొంచెంగా పైకి జరిపింది, పాప చెయ్యి దాని వెంట వచ్చింది. గడియ దగ్గరికి తీసుకొచ్చి పుల్లతో ముక్కు మీద టిక్కు టిక్కుమని కొట్టింది. పాప కూడా కొట్టింది. ముక్కు లేచి పడింది. పాపకి ఆ చప్పుడు నచ్చింది. మళ్ళీ ఎత్తింది, వదిలేసింది, టక్కుమంది. ఎత్తడం, వదలడం, టక్కు. లాగడం లేదు. పక్కకి లాగమ్మా అనే మాట నా పళ్ళ దాకా వచ్చింది. మామ్మ తల తిప్పకుండానే వేలు పైకెత్తింది. నేను నాలుక కరుచుకున్నాను, నిజంగానే, ఉప్పగా తగిలింది.

ఆవిడ పుల్లని పక్కకి జరిపింది. పాప ఒక చేత్తో ముక్కు ఎత్తి పట్టుకుని, రెండో చేత్తో పుల్ల కోసం చాచింది. అందలేదు. ముక్కు వదల్లేదు. ఒళ్ళంతా అటు ఒరిగింది. ఆ ఒరగడంలో గడియ కిర్రుమంది.

రెక్క లోపలికి కదిలింది. అరచెయ్యి పట్టేంత సందు. అందులో మా పాప మొహం, కన్నీళ్ళు, చీమిడి, బోలెడంత ఆశ్చర్యం. వేళ్ళు రెక్క అంచు మీద ఉన్నాయి. పెరట్లోంచి బావ దూసుకొచ్చాడు. తోస్తే పిల్ల వెనక్కి, స్టవ్వు మీదకి పడుతుందని మామ్మ చెయ్యి అడ్డం పెట్టింది. మేము ముగ్గురం పాపనే చూస్తున్నాం. పాప మా ముగ్గురినీ చూసింది. గడియని చూసింది. నవ్వింది. తలుపు మూసేసి మళ్ళీ గడియ వేసుకుంది.

బావ దేవుణ్ణి తిట్టాడో, పాపని తిట్టాడో. గునపం కోసం వెతుక్కుంటున్నాడు. నేను మామ్మ వైపు చూశాను, మళ్ళీ పుల్ల దూరుస్తుందని. పుల్ల ఆవిడ వేళ్ళలోంచి జారి కింద పడిపోయింది. ఆవిడ దాన్ని తీసుకోలేదు. 

"బాబూ, ఇప్పుడు నాకు బయమేత్తంది."

ఇందాక తీసింది కదా మామ్మా, మళ్ళీ తీయించు అన్నాను.

"ఇందాక దానికి రాదు. రానోళ్ళకి మనం సాయం సెయ్యొచ్చు. ఇప్పుడు వచ్చు. వచ్చినోళ్ళని ఏటి సెయ్యగలం? దానికి తియ్యాలనిపించాల."

లోపల గడియ లేస్తోంది, పడుతోంది. తీయడం, వేయడం, తీయడం, వేయడం. ప్రతిసారీ మా ఆవిడ సందులోంచి తీసింది అనడం, ఆ మాట పూర్తయ్యేలోగా ఏసీసింది అనడం. తలుపు మాత్రం లాగడం లేదు. పాపకి బయటికి రావడంతో పని లేదు, గడియతోనే పని. చీలికలోంచి పొగ రావడం మొదలైంది. మామ్మ కళ్ళు మూసుకుంది. ఆవిడ కళ్ళు మూసుకుని ప్రార్థించడం నేను అప్పుడే చూశాను. నేను ఏ దేవుణ్ణి తలుచుకున్నానో గుర్తు లేదు. తవుడు పోసి కొన్న సంగతి తలుచుకున్నాను. ఆ బేరం ఇంకా చెల్లుతుందా అని.

లోపల పాప దగ్గింది. గడియ ఆడడం ఆగింది. ఇంకోసారి దగ్గింది. ఊ అని వినబడలేదు. ఏడుపూ వినబడలేదు. ముక్కు లేచిన చప్పుడు, గడియ కిర్రుమన్న చప్పుడు, ఆ తర్వాత రెక్క మొత్తం లోపలికి తెరుచుకుంది. పాప గుమ్మం మీంచి కాళ్ళు తీసి తీసి వేసుకుంటూ, పొగని చేత్తో తోసుకుంటూ, పెరట్లో గాలి ఉన్న వైపు నడిచి వెళ్ళింది. మా ఎవరి వైపూ చూడలేదు.

బావ లోపలికి దూకి స్టవ్వు ఆర్పాడు. పప్పు బొగ్గయిపోయింది. గిన్నె పట్టకారుతో పట్టుకుని పెరట్లోకి విసిరాడు. కిటికీ దగ్గర నుంచి మా ఆవిడ ఎలా వచ్చిందో తెలియదు, పాపని ఎత్తుకుని నేల మీద కూలబడింది. మామ్మ లేవబోయి, మళ్ళీ గోడకి జేరబడింది. మంచినీళ్ళు ఇచ్చాను.  తాగలేక నాకే తిరిగి ఇచ్చేసింది.

నేను ఇంక ఒక్క నిమిషం కూడా ఆగదలచుకోలేదు. మిషను సొరుగులోంచి స్క్రూడ్రైవరు తెచ్చి, గడియ ముందు గొంతుక్కూర్చున్నాను. మొదటి మర బిగుసుకుపోయి ఉంది. బలమంతా పెట్టి తిప్పాను. కదిలింది. పక్కన ఏదో మెదిలినట్టయి చూస్తే, పాప వాళ్ళమ్మ ఒళ్ళోంచి జారి వచ్చి నాలాగే గొంతుక్కూర్చుని ఉంది. మొహం మీద మసి. రెప్ప వేయకుండా నా మణికట్టు వైపు చూస్తోంది, అది ఎటు తిరుగుతోందో, తిరిగినప్పుడల్లా మర ఎంత బయటికి వస్తోందో.

గోడకి జేరబడిన మామ్మ గొంతు బొంగురుగా వినబడింది.

"బాబూ, అటు తిరిగి ఊడదియ్యి. సూత్తంది."